అక్క వంక పెట్టని ఈగ

ఫిబ్రవరి 3

ఇవాళ కాస్త నయం. అక్క మంచం మీంచి కిటికీ పక్క కుర్చీలోకి మారింది. ఒక పక్క నేను, ఇంకో పక్క మా ఆవిడ పట్టుకున్నాం గానీ అడుగులు మాత్రం తనవే. పక్షవాతం కొట్టిన కుడి చెయ్యి తీసి ఒళ్ళో పెట్టాం. సాయంత్రం దాకా పెట్టిన చోటే ఉంది.

ఈ డైరీ జిప్పుల ఏజెంటు ఏటా ఇస్తాడు. ఏటా దీన్లో జనాల నడుం కొలతలు రాసుకుంటాను. ఈసారి కొలతలకి పాతది చాలు. ఇదివరకు మనసులో ఏదైనా మెలిపెడుతుంటే అక్క ఇంటికెళ్ళి చెప్పుకునేవాణ్ణి. నాలుగు చివాట్లు తిని తేలిగ్గా తిరిగొచ్చేవాణ్ణి. ఇప్పుడు అక్క నా ఇంట్లోనే, దర్జీ షాపు పైగదిలో ఉంది, చెప్పుకునే వీలే లేదు. మా ఆవిడతో చెబితే నాకంటే ముందు తనే ఏడుస్తుంది.

ఫిబ్రవరి 5

ఎక్సర్‌సైజులు చేయించే అమ్మాయి వచ్చింది. మెత్తటి బంతి ఒకటి అక్క కుడిచేతిలో పెట్టింది. "కొంచెం నొక్కండి ఆంటీ. ఎవరి మీదైనా కోపం ఉంటే వాళ్ళని తలుచుకుని నొక్కండి" అంది నవ్వుతూ.

"నన్ను తలుచుకో అక్కా" అన్నాను గుమ్మంలోంచి.

బంతి దొర్లుకుంటూ మంచం కిందకి పోయింది. నేనే వంగి తీశాను.

మెట్లు దిగుతూ అమ్మాయి చెప్పింది: "చేతిలో ఇంకా ప్రాణం ఉంది సార్. కానీ ఈ మొదటి నెలలే ముఖ్యం, ఇవి పోతే మళ్ళీ రావు. ముందు ఆవిడకి కావాలనిపించాలి. అనిపించకపోతే నేను రోజూ వచ్చి గోడకి ఎక్సర్‌సైజులు చేయించినట్టే."

మాట కూడా వచ్చేసింది, అదే విచిత్రం. ఆస్పత్రిలో ఉండగానే నీళ్ళు, చాలు, లైటు తీసెయ్ అనడం మొదలుపెట్టింది. కాస్త ముద్దగా ఉంటుంది, అంతే. ఉన్న మాటని వాడటం లేదు.

ఫిబ్రవరి 6

మా ఆవిడ వంటింట్లో నన్ను నిలేసింది.

"సూప్‌లో ఉప్పు వెయ్యడం మర్చిపోయానండీ. మీరు ఒక చెంచా తాగి మొహం మాడ్చారు. వదిన గిన్నె ఖాళీ చేసి ఇచ్చింది."

"ఆకలేసి ఉంటుంది."

"నేను కాపురానికొచ్చిన దగ్గర్నుంచీ నా చేతి వంట వంక పెట్టకుండా తిన్న మనిషి కాదావిడ. ఆవిడ నోరు పడిపోతే బాగుండని ఎన్నిసార్లు అనుకున్నానో మీకు తెలీదు. ఇప్పుడు భయమేస్తోందండీ."

ఈవిడకి తెలీదు, వంకలు పెట్టడం అక్క గుణం కాదు, ఉద్యోగం. సీసాల ఫ్యాక్టరీలో బెల్టు మీద వచ్చే సీసాల్ని లైటు ముందు చూసి, వెంట్రుకంత పగులున్నా తీసి పక్కన పడెయ్యడమే పని. ఇంటికొచ్చినా కళ్ళు డ్యూటీ దిగేవి కావు. అమ్మ పోయాక నన్ను పెంచింది తనే. నేను మొదటిసారి బొత్తం కుట్టి చూపిస్తే, రెండు వేళ్ళతో పట్టుకుని ఒక్క లాగు లాగి, ఊడొచ్చినదాన్ని నా అరచేతిలో పెట్టింది. "ఒరేయ్ మొద్దూ, ఇది కుట్టావా, అతికించావా?" అంది. ఆ రోజు నుంచీ ఏ బొత్తం కుట్టినా నేనే ముందు లాగి చూసుకుంటాను. నా చేతి బొత్తం ఊడిందన్నవాడు ఈ వీధిలో లేడు.

ఆకలేసే ఉంటుంది.

ఫిబ్రవరి 8

షాపులో ప్యాంటు కాళ్ళు మడుస్తుంటే ఆలోచన వచ్చింది. ఎందుకు ముందే రాలేదో.

అక్క పెట్టె.

అక్క ఇంట్లోంచి తెచ్చిన సామాన్లలో బట్టల తర్వాత అదొక్కటే. పొడుగు చెక్కపెట్టె, పక్కన గుడ్డ సంచీలో గాలపు కర్రలు. చేపల సీజన్ మొదలైతే చాలు, ప్రతి ఆదివారం బస్సెక్కి ఊరి బయట వాగుకి పోయేది. మామూలు ఎర పెట్టదు. గాలానికి ఈకా దారమూ చుట్టి, దాన్నే ఈగ అంటుంది. అది నీళ్ళమీద తేలాలి, చేప దాన్ని నిజం ఈగే అనుకోవాలి, మింగాలి. తీరా పట్టిన చేపని మళ్ళీ నీళ్ళలోనే వదిలేస్తుంది. వండుకోని చేప కోసం ఇంత యాతనేమిటో నాకు ఎప్పుడూ అర్థం కాలేదు. షాపుల్లో దొరికే ఈగలకి వంకలు పెట్టీ పెట్టీ చివరికి తనే కట్టుకోవడం మొదలుపెట్టింది.

ఆ పెట్టె ఎవరినీ ముట్టుకోనివ్వదు. ఒకసారి పిన్నీసు కోసం మూత తెరిచినందుకు నెల రోజులు నాతో మాట్లాడలేదు.

రేపు దాన్ని తెరుస్తాను. అక్క ఎదురుగానే, అక్క కళ్ళముందే, అడగకుండా. నేను ఈగ కడతాను. దర్జీవాణ్ణి, ఎంత బాగా కట్టినా చెత్తగానే కడతాను. అది చూసి ఊరుకోవడం అక్క వల్ల కాదు. రక్తంలోనే లేదు. మొదట తిడుతుంది, తర్వాత "ఇలా తే" అంటుంది, చెయ్యి చాస్తుంది. ఎడమ చేత్తో ఈగ కట్టడం కుదరదు కదా, కుడిచెయ్యి కూడా కావాలి.

ఏప్రిల్ మొదటి ఆదివారం సీజన్ మొదలు.

ఫిబ్రవరి 9

తెరిచాను. గడియ కావాలనే గట్టిగా చప్పుడు చేశాను.

అక్క కిటికీలోంచి ఎదురింటి గోడ చూస్తోంది. చప్పుడుకి కళ్ళు ఇటు తిరిగాయి. నేను చూశాను, తిరిగాయి. మళ్ళీ గోడ మీదకి వెళ్ళాయి.

పెట్టెలో అన్నీ సర్ది ఉన్నాయి. బల్లకి బిగించే చిన్న వైస్, దాని కొసన గాలాన్ని పట్టుకునే దవడలు. కాగితాల్లో చుట్టిన కోడి మెడ ఈకలు, డబ్బీలో కుందేలు బొచ్చు, చిట్టి చిట్టి దారపు ఉండలు, వార్నిష్ సీసా. దారాలు ఎంత సన్నమంటే నా కళ్ళజోడుకి ఆనలేదు. "ఇదేం దారం, సాలెపురుగు దగ్గర కొన్నావా" అన్నాను పైకే. కింద షాపు నుంచి నా మెషిన్ దారం తెచ్చుకుని మొదలుపెట్టాను.

గాలం వేలికి గుచ్చుకుంది. రెండుసార్లు. ఈక నిలబెడితే పడుకుంటుంది, పడుకోబెడితే లేస్తుంది. ఒక చివర పట్టుకుంటే ఇంకో చివర విడిపోతుంది. చివరికి నా చేతిలో మిగిలింది ఈగ కాదు, ఎవరో నమిలి ఊసేసిన పీచు.

కాస్త నయం. కళ్ళు తిరిగాయి.

ఫిబ్రవరి 11

గాలాల షాపుకి వెళ్ళాను. షాపాయనకి డెబ్భై దాటి ఉంటాయి. అక్క తమ్ముణ్ణని చెప్పగానే కుర్చీ జరిపాడు.

"మీ అక్క ఈ షాపులో ఒక్క ఈగకి కూడా బాగుందని అనలేదయ్యా. ఆవిడ లోపలికొస్తే నేను డబ్బాలు మూసేసేవాణ్ణి" అన్నాడు. తర్వాత డబ్బా మూత ఒకటి సర్దుతూ, "ఎలా ఉంది?" అని అడిగాడు.

"కాస్త నయం" అన్నాను.

మొదలుపెట్టేవాడు ఏం చెయ్యాలో చెప్పాడు. ఈకల దుకాణమంతా కొనకు. ఒకటే రకం ఈగ ఎంచుకో, పెద్ద గాలం మీద కట్టు, అదే ఈగ మళ్ళీ మళ్ళీ కట్టు. ముందు కన్ను వెనక నుంచి వంపు దాకా దారం చుట్టు, తోకకి నాలుగు పోచలు, ఒంటికి కాస్త బొచ్చు, కన్ను దగ్గర ఈక నాలుగు చుట్లు, ముడి. గాలానికి ఒక చివర చిన్న రింగు ఉంటుంది, దాన్నే కన్ను అంటారు. కర్ర నుంచి వచ్చే నూలు ఎక్కాల్సింది దాంట్లోకే. "కన్ను దగ్గర చోటొదులు. కొత్తవాళ్ళంతా అక్కడే చస్తారు" అన్నాడు.

ఫిబ్రవరి 12

ఈగ అయింది. ఇవాళ నిజంగా ఈగలా ఉంది.

మధ్యాహ్నం షాపు మూసి, అక్క ఎదురుగా కూర్చుని కట్టాను. తోక, ఒళ్ళు, ఈక, ముడి. ఈక అంచులు చిందరవందరగా ఉంటే నా చిన్న కత్తెరతో చుట్టూ సమంగా కత్తిరించాను. పోగులు వేలాడుతుంటే నా చెయ్యి ఊరుకోదు. కాలరు మడిచినట్టు తీరుగా వచ్చింది.

అక్క ముందు పట్టుకున్నాను. చూసింది. చాలాసేపు చూసింది. పెదవి కదిలిందేమో అనిపించింది.

"ఎలా ఉంది?"

"చలేస్తోంది. కిటికీ మూసెయ్."

ఫిబ్రవరి 15

షాపాయన దాన్ని అరచేతిలో వేసుకుని నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకున్నాడు.

"ఈగకి క్రాపు చేశావేంటయ్యా. ఆ కొసల మీదేగా అది నీళ్ళమీద నిలబడేది. కాళ్ళు నరికేశావు. దర్జీవాడికి తప్ప ఇంకెవడికీ రాదు ఈ బుద్ధి."

నాకు కోపం రాలేదు, సంతోషమేసింది. ఇంత పెద్ద తప్పు. అక్క చూసి ఉండదు. చూస్తే ఇల్లు ఎగిరిపోయేది. కళ్ళజోడు పెట్టలేదు కదా, అందుకే.

ఫిబ్రవరి 16

కళ్ళజోడు తుడిచి పెట్టాను. కత్తిరించిన ఈగే మళ్ళీ చూపించాను.

అక్క కళ్ళు మూసుకుంది.

ఫిబ్రవరి 20

తల లావు.

ఫిబ్రవరి 21

మళ్ళీ తల లావు. ముడి వేశాక ఇంకో ముడి వెయ్యకపోతే నాకు నిద్రపట్టదు. దాని మీద ఇంకోటి. బటన్‌హోల్ కుట్టే చెయ్యి, ఏం చేస్తాం. పైన వార్నిష్ చుక్క పడేసరికి కన్ను పూర్తిగా పూడిపోయింది. సూది మొన కూడా దూరలేదు. కన్ను లేని ఈగ ఎందుకూ పనికిరాదు, నూలు ఎక్కదు, నీళ్ళలోకి పోదు. చూడ్డానికి మాత్రం ముద్దుగా ఉంది.

అలాంటివి అరడజను అయ్యాయి. బల్లమీద వరసగా పెట్టాను, అక్క మంచం మీంచి కనపడేలా. అన్నీ కళ్ళు మూసుకునే ఉన్నాయి.

ఫిబ్రవరి 24

మా ఆవిడ ఉపాయం: అక్క ఎదుట మేమిద్దరం ఈగల గురించి పోట్లాడుకోవాలి. తప్పుడు మాట వింటే అక్క కలగజేసుకోకుండా ఉండలేదట. మా పెళ్ళిచూపుల్లో కూడా అలాగే కలగజేసుకుని, మా ఆవిడది సవరం జడ అని పదిమందిలో బయటపెట్టిందని గుర్తుచేసింది. ఆ కోపం ఇంకా ఉంది ఆవిడకి.

"ఈగకి తోకెందుకండీ? మీకేం తెలీదు, తోక కత్తిరించెయ్యండి" అంది, నాటకంలో వేషం కట్టినట్టు గొంతు పెంచి.

"తోక లేకపోతే చేపకెలా నచ్చుతుంది? ఇంకో రెండు తోకలు పెడతాను" అన్నాను నేను.

"రెక్కలకి ఎర్రరంగు వెయ్యండి. చేపలకి ఎరుపంటే ఇష్టం."

"బొత్తం కూడా కుడతాను."

మా ఆవిడకి నవ్వాగలేదు. నాకూ ఆగలేదు. ఆస్పత్రి రోజుల తర్వాత మేం నవ్వడం అదే మొదటిసారి. నవ్వి నవ్వి అక్కవైపు చూశాం. అక్క మమ్మల్నే చూస్తోంది, ప్లాట్‌ఫారం మీద ఎవరో తెలియనివాళ్ళు నవ్వుకుంటుంటే చూసినట్టు. మా ఆవిడ ఎంగిలి కప్పులు తీసుకుని వెళ్ళిపోయింది.

మార్చి 2

ఇవాళ కావాలనే పాడుచేశాను.

ఇంతకంటే అధ్వాన్నంగా కట్టడం ఎవరి వల్లా కాదు. తోక గాలం కంటే పొడుగు. ఒంటి బొచ్చు బూజుకర్రలా ఉబ్బెత్తు. ఈక వెనక్కి తిప్పి కట్టి, దాని అంచులు కూడా కత్తిరించాను. కన్నుమీద వార్నిష్ రెండు పూతలు. ఒక పక్క దారం వేలాడుతోంది. ఫ్యాక్టరీలో ఇలాంటి సీసా బెల్టుమీద కనపడితే సూపర్‌వైజర్ దాకా పరిగెత్తేది అక్క.

కళ్ళజోడు పెట్టి, కిటికీ వెలుతురులో, కళ్ళకి జానెడు దూరంలో పట్టుకున్నాను. అక్క ఎడమచెయ్యి ఎత్తింది. ఎత్తింది! ఈగని రెండు వేళ్ళ మధ్య పట్టుకుంది. లాగుతుందనుకున్నాను. బొత్తాన్ని లాగినట్టు లాగి, ఊడొచ్చింది నా చేతిలో పెడుతుందనుకున్నాను.

అక్క ఈగని అటూ ఇటూ తిప్పింది. లాగలేదు. తిరిగి నా చేతిలో పెట్టింది.

"బాగుంది" అంది.

మార్చి 3

షాపు తియ్యలేదు.

మార్చి 5

మొన్నటి నుంచి ఆలోచిస్తున్నాను. చెయ్యి ఎత్తింది కదా. ఎడమదే అయినా ఎత్తింది. తనంత తానుగా ఒక మాట అంది. నీళ్ళు, చాలు, లైటు కాకుండా వేరే మాట. మా ఆవిడ కూడా, "పోన్లెండి, మీ మనసు కష్టపెట్టకూడదని అని ఉంటుంది" అంది.

అక్క ఎప్పుడు పట్టించుకుంది నా మనసు? నా పెళ్ళి సూటుకి కూడా భుజం జారిందని అతిథుల ముందే చెప్పింది.

కాస్త నయమే అనుకోవాలి.

మార్చి 11

ఎక్సర్‌సైజుల అమ్మాయి ఇక వారానికి ఒక్కసారే వస్తానంది. అక్క కుడివేళ్ళు లోపలికి ముడుచుకుంటున్నాయి. వాటిని ఒక్కొక్కటే విప్పి, మధ్యలో చుట్టిన తువ్వాలు పెట్టి చూపించింది. "ఇలా పెడుతూ ఉండండి, లేకపోతే గోళ్ళు అరచేతిలో దిగుతాయి" అంది. బంతి సంచీలో వేసుకుని తీసుకెళ్ళిపోయింది. ఇంకెవరికో కావాలట.

మార్చి 14

చెత్తగా కట్టడం వల్ల లాభం లేదు. మరి బాగా కడితే? అక్క కట్టినంత బాగా కడితే? పోటీకైనా రాదా? నన్ను గెలవనిచ్చిన మనిషి కాదు ఎప్పుడూ. పేకాటలో కూడా.

ఇవాళ్టి నుంచి అక్క దారమే వాడతాను. సాలెపురుగు దారం. షాపాయన దగ్గర భూతద్దం తెచ్చుకున్నాను.

మార్చి 19

ముడి ఒక్కటే వెయ్యాలి. ముడి ఒక్కటే వెయ్యాలి. పట్టుకుంటుంది, ఊడదు, నమ్ము.

మార్చి 24

గ్లాసులో నీళ్ళు పోసి ఈగని వేస్తే తేలింది. పక్కకి ఒరగలేదు. అక్క ఎప్పుడో అన్న మాట గుర్తొచ్చింది: "చేప పైనుంచి చూడదురా మొద్దూ, కిందనుంచి చూస్తుంది." గ్లాసు తలమీదకి ఎత్తి అడుగునుంచి చూశాను. ఈక కొసలు నీటిని చుట్టూ చిన్న చిన్న గుంటల్లా నొక్కుతున్నాయి. మధ్యలో నల్లటి ఒళ్ళు. ఒక్క క్షణం నిజం ఈగే అనుకున్నాను. మెడమీదకి నీళ్ళు కారాయి.

"అక్కా, చూడు, కిందనుంచి చూడు" అని గ్లాసు అక్క తలపైన పట్టుకున్నాను. అక్క తలెత్తలేదు. బలవంతంగా గడ్డం పట్టి ఎత్తబోయి, ఆగిపోయాను. ఏం చేస్తున్నాను నేను.

గ్లాసు నీళ్ళు కిటికీలోంచి పారబోశాను. ఈగ కూడా వాటితో పాటే పోయింది. కిందకి దిగి చాలాసేపు వెతికాను, దొరకలేదు.

మార్చి 29

మళ్ళీ కట్టాను. మొన్నటిదానికంటే బాగుంది. కన్ను తెరిచే ఉంది, ఈక పోచ ఒకటి దూర్చి లాగి శుభ్రం చేశాను. షాపాయన భూతద్దం పెట్టి చూసి, అటు తిప్పి ఇటు తిప్పి, డబ్బా మూత మూసి నా చేతికిచ్చాడు.

"వచ్చే ఆదివారం నా వ్యాన్ ఉంది. ఆవిణ్ణి తీసుకురా. వాగు చప్పుడు వింటే మనిషి మనిషౌతుంది" అన్నాడు.

నేనూ అదే అనుకుంటున్నాను. ఇన్నాళ్ళూ గదిలో కూర్చోబెట్టి ఈకలు ఆడించాను. వాగు దగ్గరికి తీసుకెళ్ళాల్సింది ముందే.

ఏప్రిల్ 5, ఆదివారం

ఉన్నదున్నట్టు రాస్తాను.

మా ఆవిడ అక్కకి స్వెట్టర్ తొడిగి, దుప్పటి కప్పింది. నేనూ షాపాయనా చక్రాల కుర్చీతో సహా మెట్లు దించాం. దారిలో అక్క ఏమీ అనలేదు. షాపాయనే దారంతా పాత ముచ్చట్లు చెప్పాడు. ఒకసారి అక్క నడుంలోతు నీళ్ళలో నిలబడి, గట్టుమీదున్న ఎవరో పెద్దమనిషిని, ఆ విసరడం ఏమిటి బట్టలుతుకుతున్నావా అందట.

వాగు నిండుగా ఉంది. ఎండ పల్చగా ఉంది. గట్టుమీద చదునుగా ఉన్నచోట కుర్చీ వేసి, చక్రాలకి రాళ్ళు అడ్డం పెట్టాను. ఎదురుగా మలుపు, మలుపు కింద నీళ్ళు నిదానంగా తిరిగే మడుగు. అక్క ఎప్పుడూ నిలబడే చోటు అదేనని షాపాయన చెప్పాడు.

నా ఈగ కన్నులోకి నూలు సాఫీగా ఎక్కింది. ముడి నేనే వేశాను. విసరడం నాకు రాదు, అది షాపాయన వంతు. మొదటిసారి దూరంగా పడింది. రెండోసారి మలుపుకి పైన, నురుగు పక్కన పడి, ప్రవాహంతో పాటు మెల్లగా కిందకి వచ్చింది. నిలబడే వచ్చింది. నేను దాన్నే చూస్తున్నాను. ఉన్నట్టుండి నీళ్ళు చిట్లాయి, ఈగ లేదు. షాపాయన కర్ర వంగింది.

మోచెయ్యంత చేప. ఒంటిమీద చుక్కలు. దాని పెదవి అంచున నా ఈగ.

"అక్కా! అక్కా, నమ్మింది! చూడు, నమ్మింది!" అని అరిచాను. వెనక్కి తిరిగాను.

అక్క చూడటం లేదు. వాగుని కాదు, మమ్మల్ని కాదు. కుర్చీ చక్రానికి పెట్టిన రాయిని చూస్తోంది. మేం ఇటు దిగిన దగ్గర్నుంచీ దాన్నే చూస్తోందేమో.

షాపాయన చేపని నీళ్ళలోనే ఉంచి ఈగ తీసి, దాన్ని వదిలేశాడు. చేతులు తుడుచుకుని, టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. వాగు వల్ల ఏదో అవుతుందని ఆయనా నమ్మాడు పాపం.

"ఇంటికి పోదాం" అంది అక్క.

ఇంటికొచ్చాక మా ఆవిడ కిందకి వెళ్ళింది. నేను అక్క బూట్లు విప్పుతూ నేలమీద కూర్చునే అడిగాను.

"నిజం చెప్పు అక్కా. నేను కట్టిన మొదటి ఈగ ఎలా ఉంది?"

జవాబు రాదనుకుని రెండో బూటు కూడా విప్పాను. అప్పుడు చెప్పింది. నిదానంగా, ముద్ద ముద్దగా.

"మెషిన్ దారం. తల లావు. ఈక కత్తిరించావు."

"మార్చిలో ఇచ్చింది? నువ్వు చేత్తో పట్టుకున్నావే, అది?"

"తోక పొడుగు. ఈక తిరగేసి కట్టావు. కన్ను పూడ్చావు. దారం వేలాడుతోంది."

"అన్నీ చూశావు."

"కళ్ళకేం రోగం. బానే ఉన్నాయిరా."

"మరి బాగుందని ఎందుకన్నావే?"

"లేదంటే మళ్ళీ కట్టుకొస్తావు. మళ్ళీ చూడాలి. నాకొద్దురా. చెయ్యి వద్దు, ఏమీ వద్దు. నన్నొదిలెయ్. నువ్వు పడుతుంటే చూడలేకుండా ఉన్నాను."

నేను ఏడ్చాను. అక్క పాదాలు నా చేతుల్లోనే ఉన్నాయి, మేజోళ్ళ మీద ఏడ్చాను. తిట్టు అక్కా, ఒక్కసారి తిట్టు అన్నాను. అక్క ఎడమచెయ్యి నా తలమీద పెట్టింది. నా జీవితంలో ఎప్పుడూ అలా పెట్టలేదు. బొత్తం ఊడగొట్టిన చెయ్యే. నిమిరింది కూడా.

"కర్టెన్ వేసి వెళ్ళు" అంది.

ఏప్రిల్ 6

వేళ్ళ మధ్య తువ్వాలు మార్చాను.

ఏప్రిల్ 8

షాపు తీశాను. రెండు ప్యాంట్లు, ఒక జిప్పు. గాలాల షాపాయన ఊరికే వచ్చి ఊరికే వెళ్ళాడు. ఎలా ఉంది అని అడగలేదు.

ఏప్రిల్ 12, ఆదివారం

వైస్‌ని పైనుంచి తీసుకొచ్చి షాపులో మెషిన్ బల్లకి బిగించాను. ఎందుకో తెలీదు. ఎవరికోసమూ కాదు. చేతులు ఖాళీగా ఉంటే ఎక్సర్‌సైజుల అమ్మాయి మాటలు గుర్తొస్తున్నాయి.

ఒక ఈగ కట్టాను. సన్నదారం, ఒకటే ముడి, కన్ను దగ్గర చోటు. వెలుతురులోకి పట్టుకుని చూశాను. బానే ఉందనిపించింది. ఆ మాట తట్టగానే నాకు భయమేసింది. రెండు వేళ్ళతో ఈక పట్టుకుని ఒక్క లాగు లాగాను. ఈక ఊడి చేతిలోకొచ్చింది, దాని వెనక బొచ్చు, దాని వెనక తోక, అన్నీ వరసగా. గాలం ఒట్టిదైపోయింది.

"ఒరేయ్ మొద్దూ, ఇది కట్టావా, అతికించావా?" అన్నాను. గట్టిగానే అన్నట్టున్నాను.

వెనక వంటింట్లో ఏదో కిందపడింది. మా ఆవిడ తడిచేతులతోనే పరిగెత్తుకొచ్చి షాపు గుమ్మంలో నిలబడింది. మొహం వెలిగిపోతోంది.

"మాట్లాడిందా? వదిన తిట్టిందా?"

"లేదు. నేనే."

ఆవిడ మెట్లవైపు చూసింది. పైన తలుపు దగ్గరగా వేసే ఉంది. చేతులనుంచి నీళ్ళు కారుతుంటే కాసేపు అలాగే నిలబడింది. తర్వాత పొయ్యి మీద పాలున్నాయని లోపలికి వెళ్ళిపోయింది.